ఆంజనమ్మ చెప్పిన రోజు

గోదావరి గట్లు తెగి మా లంకలు మునిగిన ఏడు అది జరిగింది. అంకెల్లో అయితే ఎనభై ఆరు. మా వైపు ఎవరూ అంకెల్లో చెప్పుకోరు. ఫలానావాడు వరద ఏడు పుట్టాడు, ఫలానావాళ్ల పెళ్లి వరదకు ముందు ఏడు అయింది అంటారు. గయాజ్ వరద ఏడు చచ్చిపోయాడు. వరద అక్కడ, చావు ఇక్కడ దోహాలో. నీళ్లు తీసిన నెలలో ఒక శుక్రవారం రాత్రి, అల్ దోహా అల్ జదీదాలో తన కిరాణా కొట్టు వెనక గదిలో ఎవరో అతన్ని తల మీద కొట్టి చంపారు. శనివారం పొద్దున రొట్టెలు వేసే మనిషి వచ్చి చూశాడు. ఎవరు చంపారో ఈ రోజుకీ తేలలేదు.

తేలకపోయినా శిక్ష ఒకరికి పడింది. మా ఏసోబు బావకు.

గయాజ్ కొట్లో టెలిఫోన్ ఉండేది. ఊరి కబురు కోసం మేమంతా దాని చుట్టూ తిరిగేవాళ్లం. ఆ వారంలోనే బావ ఫోన్ అడిగితే, "ఊరుంటే కదయ్యా అక్కడ ఫోన్ మోగేది" అని గయాజ్ నవ్వాడు. బావ అతని కాలర్ పట్టుకున్నాడు. కొట్టు నిండా జనం చూశారు. చావు బయటపడగానే పోలీసులు సూటిగా బావ దగ్గరికి వచ్చారు. శుక్రవారం రాత్రంతా నా భార్య దగ్గర ఉన్నానని బావ చెప్పాడు. బావ ఒక ఇంట్లో డ్రైవర్. ఆయన భార్య ఆంజనమ్మ, అంటే మా పెదనాన్న కూతురు, ఇంకో విల్లాలో పనిమనిషి. వారంలో ఒక్క రాత్రే ఆయన ఆమె గదికి వెళ్లడానికి ఆ ఇంటివాళ్లు ఒప్పుకునేవారు. అక్కను పిలిచి ఏ రాత్రి వచ్చాడని అడిగారు. గురువారం అందని రాసుకున్నారు. గురువారం వచ్చినవాడు శుక్రవారం రాలేదన్నమాట. బావను కొన్ని నెలలు లోపల ఉంచి, రుజువు దొరక్క, చివరికి విమానం ఎక్కించి పంపేశారు.

ఊరికి వెళ్లాక ఆయన అక్క మొహం చూడనన్నాడు. నన్ను ఒప్పజెప్పినదానికి నా ఇంట్లో చోటు లేదన్నాడు. నేను శుక్రవారమనే చెప్పానని అక్క క్యాసెట్లో మాట్లాడి పంపింది. ఆయన నమ్మలేదు. అప్పటి నుంచి ప్రతి సెలవుకూ ఆమె చెల్లెలి ఇంటికే వెళ్లి వచ్చింది.

ఇప్పుడు అక్క మోకాళ్లు అరిగిపోయాయి. పనిచేసిన ఇంటివాళ్లు ఇక చాలు, ఇంటికి వెళ్లమన్నారు. వచ్చే గురువారం ప్రయాణం. ఈసారి వెళితే మళ్లీ రావడం లేదు. ఏ గుమ్మం ముందు దిగాలన్నదే తేలాలి. కూతురు శ్యామల దోహాలోనే ఒక క్లినిక్ కౌంటర్లో పనిచేస్తుంది. అమ్మ వెళ్లేలోగా ఈ చిక్కు విప్పుతానని రెండు నెలలుగా అప్పటి మనుషుల్ని వెతికింది. ఆ రెండు రోజుల్లో ఎవరు ఎక్కడ ఉన్నారో ఒక్కొక్కరిని అడిగి సరిచూసుకుంది. పోయిన వారం మేమిద్దరం ఒక దర్జీ దుకాణం మెట్లు ఎక్కాం. ఆ రోజు పోలీస్ స్టేషన్‌లో అక్క హిందీలో చెప్పింది అరబ్బీలోకి మార్చి చెప్పిన ఇక్రాముద్దీన్ అక్కడ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆ అమ్మ నాకు గుర్తుంది, నేను వస్తాను అన్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక అతన్ని తీసుకురావడానికి వెళ్లాను. ఆ పూట కారు వాడుకోమని మా బాబా, అంటే నేను డ్రైవరుగా పనిచేసే ఇంటి యజమాని, చెప్పాడు. ఇక్రాముద్దీన్ ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకుని మసీదు నీడలో నిలబడి ఉన్నాడు. కొలిచే టేపు మెడలో అలాగే ఉంది. తీయడం మరిచిపోయినట్టున్నాడు. దారిలో అతనే మాట్లాడాడు. ఎండ గురించి, కొడుకుల గురించి, రెడీమేడ్ బట్టల గురించి. ముషైరిబ్ దాటాక నా వైపు తిరిగాడు.

"నీకు మాటలు రావా భాయ్?" అన్నాడు ఉర్దూలో.

"వస్తాయి."

"ఎప్పుడు?"

నేను సిగ్నల్ చూపించాను. ఎర్ర లైటు ఉంది. అతను నవ్వి ఊరుకున్నాడు.

అల్ మన్సూరాలో శ్యామల ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు బాగులేదు. ఇక్రాముద్దీన్ ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు. తలుపు తీసే ఉంది. లోపల చాప పరిచి ఉంది. అక్క సోఫా మీద కాకుండా చాప పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కింద కూర్చుంటే లేవలేదు కదా. తలకు గుడ్డ కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, అతన్ని చూడకుండా నన్ను చూసింది.

"ఈయనేనా?"

"ఆ."

"ముసలోడైపోయేడు."

"నువ్వు కాలేదేంటమ్మా" అంది శ్యామల వంటింట్లోంచి.

"నేను ఒకళ్లని ముంచి అవలేదు."

ఇక్రాముద్దీన్‌కు తెలుగు రాదు. నా భుజం దగ్గరికి వంగి, "ఏమంటోంది?" అన్నాడు.

"కూర్చోమంటోంది" అన్నాను.

అతను కూర్చున్నాడు. శ్యామల టీ గ్లాసుల ట్రే తెచ్చింది. ఇద్దరికీ చెరొకటి ఇచ్చి, నాకొకటి ఇచ్చింది. మిగతా ఖాళీ గ్లాసులు చాప మీద పెట్టింది. పెట్టిన తీరు చూసి అవి టీకి తెచ్చినవి కావని నాకు అర్థమైంది.

"చాచా, ఇటు చివర గురువారం అనుకోండి. అటు చివర శుక్రవారం" అంది హిందీలో. ఆమె హిందీ శుభ్రంగా ఉంటుంది, బడిలో నేర్చుకుంది. "ఇది గయాజ్ గారు. శుక్రవారం రాత్రి ఇషా నమాజు అయ్యాక కూడా ఆయన దగ్గర సరుకులు కొన్నవాళ్లు ఇద్దరు ఉన్నారు. ఇద్దరితోనూ నేను మాట్లాడాను. ఒకాయన కేరళలో ఉన్నాడు, ఫోన్‌లో చెప్పాడు. ఇంకో ఆయన ఇక్కడే ఉన్నాడు. ఆ తర్వాత సిగరెట్లకు వెళ్లిన మనిషికి షట్టరు మూసి కనిపించింది, లోపల లైటు వెలుగుతోంది. అంటే ఆ మధ్యలోనే జరిగింది." గ్లాసును శుక్రవారం చివర పెట్టింది. ఇంకో గ్లాసు తీసుకుని గురువారం చివర పెట్టింది. "ఇది మా నాన్న. ఇక్కడ పెట్టింది మీరు."

ఇక్రాముద్దీన్ ఆ గ్లాసు వంక కాసేపు చూశాడు.

"నేను పెట్టలేదు బేటీ. మీ అమ్మ పెట్టింది. నేను మోసుకెళ్లాను, అంతే."

"ఎలా జరిగిందో చెప్పండి."

"వాళ్ల దగ్గర మాటలు మార్చే మనిషి సెలవులో ఉన్నాడు. నా దుకాణం స్టేషన్‌కు ఎదురుగా ఉండేది. ఆ ఆఫీసర్ బట్టలు నేనే కుట్టేవాణ్ని. గుమ్మంలో నిలబడి యల్లా దర్జీ, రా అని పిలిచాడు. సుద్దముక్క చేతిలోనే ఉంది, అలాగే వెళ్లాను. మీ అమ్మ బల్ల మీద కూర్చుని ఏడుస్తోంది."

అక్కకు ఏడుపు అన్న మాట అర్థమైంది. "నేనేం ఏడవలేదు" అంది తెలుగులో.

శ్యామల మార్చి చెప్పింది.

"ఏడ్చింది."

"జలుబు చేసింది. ముక్కు చీదుకున్నాను."

"సరే, జలుబు" అన్నాడు ఇక్రాముద్దీన్. "ఆఫీసర్ నన్ను అడగమన్నది ఒకటే ప్రశ్న. నీ మొగుడు నీ దగ్గర ఉన్న రాత్రి ఏది అని. అడిగాను. చెప్పింది. ఆఫీసర్ ఇంకోసారి అడగమన్నాడు. ఇంకోసారి అడిగాను. మళ్లీ అదే చెప్పింది. గురువారం. ఖురాన్ మీద చెయ్యేసి చెప్తాను."

"ఏంటంటాడు?"

"నువ్వు గురువారమే అన్నావంట. ఖురాన్ మీద ఒట్టేస్తానంటున్నాడు."

"నేనూ బైబిలు మీద ఒట్టేత్తాను. నా నోటితో నేను సుక్కురోరం అన్నాను. రెండుసార్లన్నాను. ఆయన మాట మార్చేసేడు. గయాజ్ ఆళ్లోడు, అందుకని నా పెనిమిటిని ఇరికించేసేడు. అడుగు. మార్చేడా లేదా అడుగు."

శ్యామల ఒక్క క్షణం తటపటాయించింది. తరువాత అడిగింది. ఇక్రాముద్దీన్ గ్లాసు కింద పెట్టాడు. అతనికి కోపం వచ్చినట్టు లేదు. ఎవరో కొలత తప్పు కుట్టావన్నట్టు మొహం పెట్టాడు.

"గయాజ్ హైదరాబాదీ. నాది కాన్పూరు. అతని కొట్లో నేను అగ్గిపెట్టె కూడా కొనలేదు, తూకం తక్కువని పేరు. అగ్గిపెట్టెకు తూకం ఏమిటని అడగకు" అన్నాడు. "అతని కోసం నేను అబద్ధం ఎందుకు చెప్తాను? పరాయి ఆడమనిషి నన్ను నమ్మి చెప్పిన మాట. దాన్ని మారిస్తే నేను మనిషిని కాను."

"అయితే ఒకళ్లు మర్చిపోయి ఉంటారు" అంది శ్యామల. "చాలా కాలమైంది కదా."

"నేను మర్చిపోలేదు" అన్నాడు అతను.

"నేనూ మర్చిపోలేదు" అంది అక్క. ఈసారి ఆమెకు ఎవరూ మార్చి చెప్పనక్కర్లేకపోయింది.

నాకు అప్పుడు ఒక సంగతి వింతగా తోచింది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతుంటే మొహంలో ఎక్కడో తెలుస్తుంది. కళ్లు పక్కకు పోతాయి, లేకపోతే గొంతు పెరుగుతుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు సూటిగా చూసుకుంటున్నారు. ఇద్దరూ చెప్పేది నిజంలాగే ఉంది.

శ్యామల ఆ గురువారం గ్లాసును వేలితో తిప్పుతూ కూర్చుంది. రెండు నెలల తిరుగుడు ఇక్కడికి వచ్చి ఆగిపోయినట్టు ఆమె మొహం వాడిపోయింది. "మావయ్యా, నాన్న ఒప్పుకోడు" అంది మెల్లగా. "అమ్మ మాట ఒకటి, ఈయన మాట ఒకటి అని చెబితే ఆయన ఈయన మాటే పట్టుకుంటాడు. పిన్ని ఇంటికే పంపాలి."

ఆ మాట విని అక్క కుర్చీలో ముందుకు జరిగింది. ఇక కూతురి సాయం అక్కర్లేదన్నట్టు, ఇక్రాముద్దీన్ వైపు తిరిగి, నా మాట ఎందుకు మార్చావని తన హిందీలో తనే అడిగింది.

"సునో దర్జీ. హమ్ క్యా బోలా? మేరా ఆద్మీ జుమ్మారాత్ ఆయా, హమ్ బోలా. ఏక్ బార్ బోలా జుమ్మారాత్. దూస్రా బార్ బోలా జుమ్మారాత్. తుమ్ క్యూ బదల్ దియా?"

ఇక్రాముద్దీన్ రెండు చేతులూ చాపి, మమ్మల్ని సాక్ష్యం అడుగుతున్నట్టు శ్యామల వైపు తిరిగాడు.

"విన్నావు కదా బేటీ. ఇప్పుడు కూడా అదే చెబుతోంది. గురువారం."

శ్యామల చెయ్యి నోటి దగ్గరికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆమె నవ్వుతుందో ఏడుస్తుందో నాకు తెలియలేదు.

"చాచా, మీ ఉర్దూలో గురువారాన్ని ఏమంటారు?" అంది కాసేపటికి.

"జుమేరాత్."

"శుక్రవారాన్ని?"

"జుమా. ఎవరికైనా తెలుసు కదా."

శ్యామల తల్లి వైపు తిరిగి తెలుగులో అడిగింది. "అమ్మా, హిందీలో శుక్రవారం అంటే ఏంటి?"

"జుమ్మా."

"రాత్రి అంటే?"

"రాత్. నాకు పరీచ్చ పెడతన్నావేంటే?"

"శుక్రవారం రాత్రి అని చెప్పాలంటే ఎలా చెప్తావు?"

"చెప్పేను కదా ఇందాకా. జుమ్మా, రాత్. జుమ్మారాత్."

ఇక్రాముద్దీన్ పెదవులు కదిలాయి. ఆ మాటను లోపల్లోపల ఒకసారి అనుకున్నాడు, విడదీసి ఇంకోసారి అనుకున్నాడు. మెడలో టేపు తీసి వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయిపోయాక విప్పి మళ్లీ చుట్టాడు.

"ఒక్క 'కీ'" అన్నాడు. "జుమ్మే కీ రాత్ అని ఉంటే నాకు తెలిసేది. మధ్యలో ఆ ఒక్క ముక్క లేదు."

"ఆ ముక్క ఆవిడకు ఎవరు నేర్పుతారు చాచా. మా అమ్మ హిందీ నేర్చుకున్నది శ్రీలంక వంటమనిషి దగ్గర."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. "రాత్రి సంగతి నేను మళ్లీ అడగలేదు. ఆఫీసర్ రాత్రి అనే అడిగాడు కాబట్టి రోజు పేరు ఒక్కటే చెబుతోంది అనుకున్నాను. జుమేరాత్ అని విన్నాను. ఖమీస్ అని అరబ్బీలో చెప్పాను. ఆఫీసర్ రాసుకున్నాడు. ఖమీస్ అన్నప్పుడు మీ అమ్మకు ఏమైనా తెలిసి ఉంటే."

శ్యామల మొత్తం తల్లికి విడమరిచి చెప్పింది. అక్క వింటున్నంతసేపూ చాప మీది గ్లాసుల్నే చూసింది. ఒకటి రెండుసార్లు తలాడించింది. జుమేరాత్ అన్న మాటను తనూ ఒకసారి పలికి చూసుకుంది. ఈ దేశంలో జీవితమంతా గడిపింది. ఆ మాట ఆమె విననిది కాదు, ఎవరో ఏదో అంటున్నారని వదిలేసిన మాట.

ఇక్రాముద్దీన్ నేల మీద చెయ్యి ఆనించి కష్టంగా లేచాడు. అక్క కుర్చీ ముందు నిలబడి చేతులు జోడించాడు. అతనికి అది అలవాటు లేదు, వేళ్లు సరిగ్గా కలవలేదు.

"బెహన్, మాఫీ" అన్నాడు.

అక్క కనుబొమలు ముడిపడ్డాయి. అరబ్బుల ఇంట్లో చాకిరీ చేసినవాళ్లకు మాఫీ అంటే ఒకటే అర్థం. లేదు అని. బియ్యం మాఫీ, సెలవు మాఫీ.

"ఏంటి లేదంటాడు? ఇప్పుడు దాకా అంతా చెప్పి మళ్లీ లేదంటాడేంటి?"

"లేదనడం లేదమ్మా" అంది శ్యామల. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. "క్షమించమంటున్నాడు."

అక్క అతని చేతుల వంక చూసింది. "కూకోమను. కాళ్లు వణుకుతున్నాయి ఆయనకి" అంది. కాసేపాగి, "ఆయన తప్పేవుంది. నా ఇందీయే అంత" అంది.

శ్యామల వంగి, గురువారం చివర ఉన్న తండ్రి గ్లాసును తీసి శుక్రవారం చివరికి జరిపింది. జరిపి తల్లి మోకాలు పట్టుకుంది. "అమ్మా, ఇక నాన్నకు చెప్పొచ్చు. ఆ రాత్రి నాన్న నీ దగ్గర ఉన్నాడని నువ్వు చెప్పావు. చెప్పింది చెప్పినట్టు ఉంది."

"నేను చెప్పింది చెప్పినట్టే ఉంది" అంది అక్క.

ఆమె మొహంలో నేను అనుకున్న వెలుగు లేదు. అలసట అనుకున్నాను. కుర్చీ చేతుల మీద బలం మోపి లేచి, ట్రే అడిగి, గ్లాసులన్నీ ఏరుకుంది. శుక్రవారం చివరికి జరిపిన బావ గ్లాసు ముందు తీసింది. ఎవరూ తాగని గ్లాసును పంపు కింద పెట్టి చాలాసేపు కడిగింది.

"నువ్వే ఫోన్ చెయ్యి మావయ్యా" అంది శ్యామల నాతో, మెట్ల దగ్గర. "నేను చెబితే అమ్మ తరఫున వచ్చానంటాడు. నీ మాట అయితే వింటాడు."

తిరుగు దారిలో ఇక్రాముద్దీన్ టేపును వేలికి చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు. ఇంటి ముందు దిగి, కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఆ రోజు పోలీసులు నన్ను పిలిచారని నా కొడుకులకు ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో" అన్నాడు. తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు శనివారం. మా బాబా పిల్లలకు బడి లేదు. పొద్దున్నే కారు కడిగి, నీడలో పెట్టి, ముందు సీట్లో కూర్చుని బావకు ఫోన్ చేశాను. మేమిద్దరం ఫోన్‌లో మాట్లాడుకున్నది తక్కువ. పెళ్లిళ్లకు, చావులకు.

"ఎవరది?"

"దానియేలుని బావా."

"ఎవరు పోయేరు?"

"ఎవరూ పోలేదు."

"మరేంటి?"

చెప్పాను. దర్జీ గురించి, జుమ్మా గురించి, రాత్ గురించి, మధ్యలో లేని ఆ ముక్క గురించి. నేను అంతసేపు ఆపకుండా మాట్లాడటం ఎప్పుడూ లేదు. అటువైపు కోడి కూత వినిపిస్తోంది.

"ఉన్నావా?"

"ఉన్నాను. అది సుక్కురోరం అనే అందా?"

"అనే అంది. ఆ దర్జీ ఒప్పుకున్నాడు."

"నువ్వు విన్నావా, నీ చెవుల్తో?"

"విన్నాను."

"ఇంకెవడు చెప్పినా నమ్మేవోణ్ని కాదు. నువ్వు కల్పించి చెప్పాలన్నా చెప్పలేవు. నీకు అన్ని మాటలు ఎక్కడివి." మళ్లీ కాసేపు కోడి. "అయితే క్యాసెట్లో చెప్పింది నిజవే అన్నమాట."

"నిజమే."

"ఆ క్యాసెట్టు కాలవలో పారేసేనురా."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"రమ్మను" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి ఎర్రోడా, ఇంటికి. వంటింటి తలుపు బిగుసుకుపోయింది, మేస్త్రీని పిలిచి చెక్కిత్తాను. గురువారవే కదా వచ్చేది? మోకాళ్లు నొప్పులంటన్నారు, గడప కూడా తీయించేత్తాను. ఒంటికి ఏం పడతాదో అడుగు. అన్నం తింటందా, రొట్టా?"

"అన్నమే."

"సరే."

ఫోన్ పెట్టేద్దామని చెవి దగ్గర నుంచి తీశాను.

"ఆగరా."

మళ్లీ చెవికి పెట్టుకున్నాను.

"ఇన్నాళ్లూ దాని మీద ఎందుకు కోపం పెట్టుకున్నానో తెలుసా నీకు?"

"నిన్ను ఒప్పజెప్పిందని."

"నిజం చెప్పేసిందని" అన్నాడు బావ. "పోలీసోళ్ల దగ్గర కూకుని, మొగుడు ఉరెక్కుతాడని కూడా చూడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పేసిందని. గురువారం అన్నదని. నేను దాని గదికి వెళ్లింది గురువారవేరా."

కారు అద్దం మీద కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు. ఒక చుక్క కిందికి జారుతోంది. అది చివరిదాకా జారేవరకు చూశాను.

"శుక్రవారం ఎక్కడున్నావు బావా?"

"నా కోసం అబద్ధం చెప్పిందన్నమాట" అన్నాడు. నాతో కాదు, తనతో. "అబద్ధం చెప్పిందిరా నా కోసం. నాకు తెలవలేదు."

"శుక్రవారం ఎక్కడున్నావు?"

"అది రానీ. ముందు దానికి చెప్పాలి" అని ఫోన్ పెట్టేశాడు.

నేను వెళ్లేసరికి శ్యామల డ్యూటీకి వెళ్లిపోయింది. అక్క ఒక్కతే ఉంది. అట్టపెట్టెకు నైలాన్ తాడు కడుతోంది. పెట్టె మీద ఊరి పేరు, జిల్లా పేరు పెద్ద అక్షరాలతో శ్యామల రాసి పెట్టింది. మనిషి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"రమ్మన్నాడు" అన్నాను.

తాడు లాగుతున్న చెయ్యి ఆగింది. "ఏ ఇంటికి?"

"మీ ఇంటికే. వంటింటి తలుపు బాగుచేయిస్తాడంట. గడప తీయిస్తాడంట."

ఆమె ఆ పెట్టె మీదే కూర్చుంది. ఒక రకంగా నవ్వింది. పెళ్లైన కొత్తలో ఆమె అలా నవ్వేదని నాకు గుర్తొచ్చింది. ఆ నవ్వు కొద్దిసేపు ఉండి పోయింది.

"ఇంకేవన్నాడు?"

"అన్నం తింటుందా రొట్టె తింటుందా అని అడిగాడు."

"అది కాదురా." గొంతు బాగా తగ్గించింది, ఇంట్లో మా ఇద్దరమే ఉన్నా. "ఆ రాత్రి ఎక్కడున్నాడో చెప్పేడా?"

నేను గోడ వైపు చూశాను.

"చెప్పలేదు."

ఆమె తలాడించింది. బావ శుక్రవారం రాలేదని నాకు తెలిసిపోయిందని ఆమెకూ తెలిసిపోయింది.

"నాకూ తెలవదు" అంది. "ఆ దర్జీ అడిగినప్పుడు ఆలోచించలేదు. సుక్కురోరం అనేసేను. బయటికొచ్చి మెట్లు దిగుతా ఆలోచించడం మొదలెట్టేను. ఆ కొట్లో ఆయన గయాజ్ కాలరు పట్టుకున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, ఆ చెయ్యి చూసేను. ఆ చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు. ఇప్పటికీ ఆలోచిస్తానే ఉన్నాను."

"అయినా వెళ్తావా?"

"పిలిచేడు కదా."

"భయం లేదా?"

"ఈ కొస పట్టుకో" అంది. "గట్టిగా లాగు. దారిలో ఊడిపోతాది."

పట్టుకున్నాను. ఆమె ముడి వేసింది. ఒకటి చాలదని దాని మీద ఇంకొకటి వేసింది.

కిందికి దిగి కారు తీశాను. మా బాబా కొడుకును మార్కెట్‌కు తీసుకెళ్లాల్సిన వేళ అయింది. అటు వెళ్లలేదు. ముషైరిబ్ వైపు తిప్పి, అక్కకు టికెట్ తీసిన ట్రావెల్ ఆఫీసు ముందు ఆపాను. కౌంటర్లో మనిషి అప్పుడే తాళం తీస్తున్నాడు. అక్క పేరు చెప్పాను. గురువారం హైదరాబాద్ విమానంలో ఆమె పక్క సీటు ఖాళీగా ఉందా అని అడిగాను.

"ఉంది. పేరు?"

నా పాస్‌పోర్టు ఇచ్చాను.

"తిరిగి ఎప్పుడు రావడం?" అన్నాడు, కంప్యూటర్ మీద వేళ్లు ఆనించి.

మా బాబాను ఇంకా సెలవు కూడా అడగలేదు.

"అది తర్వాత చెప్తాను" అన్నాను. "వెళ్లేది వెయ్యి."